పైవాటా పిన్నిగారు, ఆది జాకెట్లు

నాకు ఒకరికి బాకీ ఉండటమంటే పడదు. కిరాణా కొట్లో ఖాతా పెట్టుకోను. చీటీ కడితే గడువుకి ముందు రోజే డబ్బు చేర్చేస్తాను. మా అమ్మ అలా పెంచిందని గొప్పగా చెప్పుకోవచ్చు గానీ, అసలు నా పనే అలాంటిది. నేను మిషన్ కుడతాను. గుడ్డ తెస్తారు, కుట్టి ఇస్తాను, కూలి ఇస్తారు. ఎవరి లెక్క వాళ్లకి చెల్లు.

విజయవాడ సింగ్‌నగర్‌లో, మెయిన్ రోడ్డు దిగి సందులు తిరుగుతూ చాలా లోపలికి వస్తే మా ఇల్లు. కింద వాటాలో అద్దెకుంటాం. ముందు గదిలో కుట్టు మిషన్, ఓవర్‌లాక్ మిషన్, కటింగ్ బల్ల. బ్లౌజులు, పిల్లల లంగా జాకెట్లు, ఫాల్, పీకో. లైనింగ్ గుడ్డ, దారాలు వన్‌టౌన్ వెళ్లి హోల్‌సేల్‌లో తెచ్చుకుంటాను. మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలకి పెయింటింగ్ చేస్తాడు. అబ్బాయి డిగ్రీ చదువుతున్నాడు. ఈ బ్లాగు వాడే పెట్టించాడు. "పెద్దమ్మకి పది నిమిషాల వాయిస్ మెసేజ్‌లు పెడతావు కదమ్మా, అవే ఇక్కడ రాయి" అన్నాడు. సరే, రాస్తున్నాను.

నా బాకీల లెక్క తప్పింది బుడమేరు వాగు పొంగి వచ్చినప్పుడు.

2024 ఆగస్టు 31, శనివారం. ఆగని వాన. మొగల్రాజపురంలో కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు పోయారని టీవీలో చూసి అయ్యో అనుకున్నాం. కృష్ణ పొంగుతోందంటే మా బెంగంతా నది ఒడ్డున కృష్ణలంకలో ఉన్న మా అక్క గురించే. 2009లో కృష్ణకి పెద్ద వరద వచ్చినప్పుడు వాళ్లే పిల్లల్నీ మూటల్నీ వేసుకుని మా ఇంటికి వచ్చారు. రిటైనింగ్ వాల్ కట్టాక వాళ్లకి కాస్త ధైర్యం. మా వైపు భయపడాల్సింది కృష్ణకి కాదు, బుడమేరుకి. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు అది. మామూలు రోజుల్లో చూస్తే మురుగు కాలువ అనుకుంటారు. 2005లో ఒకసారి ముంచింది, తర్వాత అందరం మర్చిపోయాం. దాని వరదని వెలగలేరు దగ్గర మళ్లించి కృష్ణలో కలపడానికి ఒక కాలువ ఉంది. ఆ కాలువ గట్టుకే గండ్లు పడ్డాయి. అయినా కృష్ణే నిండి పొర్లుతుంటే ఇది పోయి ఎక్కడ కలుస్తుంది? ఆ వరదకి ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. 1957లో బ్యారేజీ కట్టినప్పటి నుంచీ అంత నీరు ఎప్పుడూ రాలేదట.

ఇవన్నీ తర్వాత పేపర్లో చదువుకున్న సంగతులు. ఆదివారం తెల్లవారుజామున మాకు తెలిసిందల్లా మంచం కింద చెప్పులు తేలుతున్నాయని.

కరెంటు పోయింది. మా ఆయన గ్యాస్ బండ ఎత్తాడు. అబ్బాయి సర్టిఫికెట్ల ఫైలు పట్టుకున్నాడు. నేను ఆది జాకెట్ల సంచి పట్టుకున్నాను. అప్పుడూ తిట్టాడు మా ఆయన, ఇప్పుడూ పదిమందిలో చెప్పి నవ్వుతాడు. మిషన్ కుట్టేవాళ్లకి చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ల కోసం చెబుతాను. ప్రతి ఆడమనిషికీ సరిగ్గా ఒంటికి కుదిరిన జాకెట్టు ఏ ఒక్కటో ఉంటుంది. కొత్తది కుట్టించుకోవడానికి కొలత కోసం దాన్నే ఇస్తుంది. టేపుతో కొలుచుకోవచ్చు కదా అంటారు. టేపు కొలత వేరు, మనిషికి అలవాటైన జాకెట్టు వేరు. చంక కింద ఎంత వదలాలో, భుజం ఏ వైపు కొంచెం వాలుందో అదే చెబుతుంది. అది పోతే ఆ మనిషి మళ్లీ ఎన్ని జాకెట్లు చెడగొట్టించుకుంటే ఒకటి కుదరాలి! శ్రావణమాసం ఆఖరు రోజులు, పెళ్లిళ్ల సీజన్ అప్పుడే సద్దుమణిగింది, సంచి నిండా జనం ఆది జాకెట్లే. దాంతోపాటు బీరువా పై అరలోని పట్టు ముక్కల కట్ట తీసుకున్నాను. ఇంకోసారి లోపలికి వెళ్లేసరికి నీళ్లు నడుము దాటాయి. మిషన్ స్టాండు, మోటారు, ఓవర్‌లాక్, ఫ్రిజ్, పరుపులు, బియ్యం డబ్బా, కింద అరలోని కాటన్ ముక్కలు అన్నీ అక్కడే.

ఇక పైవాటా.

పైన ఉండేది రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన బాబాయిగారు, పిన్నిగారు. ఆ నాటికి నాకూ పిన్నిగారికీ మాటల్లేవు. నా మిషన్ చప్పుడు ఆవిడకి పడదు. శ్రావణంలో రాత్రి పదకొండైనా కుడతాను మరి. ఆవిడ పైనుంచి కర్రతో నేల మీద కొట్టేది. నేను విననట్టు ఇంకో జాకెట్టు తీసేదాన్ని. వరలక్ష్మీ వ్రతానికి వీధంతా పేరంటానికి పిలిచి నన్ను మాత్రం పిలవలేదు. నేనూ పిలవలేదు. అలాంటి మనిషి గుమ్మం ముందు, ఆ చీకట్లో, మోకాళ్ల నొప్పులతో నడవలేని మా అత్తగారిని మా ఆయన వీపున మోసుకుని నిలబడ్డాడు. తలుపు కొట్టాల్సిన పని పడలేదు, తీసే ఉంది. టార్చి లైటు వేసి పట్టుకుని, "ముసలావిడని మంచం మీద కూర్చోబెట్టు అబ్బాయ్. నువ్వేంటమ్మాయ్, ఆ తడి సంచి నా దివాన్ మీద పెట్టకు" అంది. వారాల తర్వాత ఆవిడ నాతో మాట్లాడిన మొదటి మాట అది.

నీళ్లు వారం పైనే ఉన్నాయి. అన్ని రోజులూ వాళ్ల ఇంట్లోనే ఉన్నాం. ఇక్కడ పిన్నిగారిని దేవతని చేసి రాస్తే చదవడానికి బావుంటుంది గానీ ఆవిడని ఎరిగినవాళ్లు ఒప్పుకోరు. ఆవిడ ఇస్తూనే సణిగింది. ప్రతి పూటా బియ్యం గ్లాసుతో కొలిచి, డబ్బాలో ఎంత ఉందో గీత చూసుకునేది. పాలపొడి టీలో నేను రెండో చెంచా పంచదార వేసుకుంటే చూపు తిప్పేది కాదు. తన మంచం మా అత్తగారికి ఇచ్చి తను చాప మీద పడుకుంది, పొద్దున్నే లేచి నడుము నొప్పి గురించి బాబాయిగారికి మాకందరికీ వినపడేలా చెప్పేది. ఇన్ని చేసి కూడా, ఒక్క పూట కూడా మాకంటే ముందు తినలేదు. గీత చూసుకున్న డబ్బా అడుగంటే రోజున, "ఇదిగో, ఇవాళ్టికి ఇంతే" అని ఆ అన్నంలో ముప్పాతిక మా కంచాల్లోకి పెట్టేసింది. ఆవిడ కంచం వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

పుచ్చుకోవడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. ఇచ్చేవాళ్లకేం, ఇచ్చి ఊరుకుంటారు. పుచ్చుకునేవాళ్లు ఆ ఇంట్లోనే లేచి, ఆ ఇంటి బాత్రూమ్‌కే ఐదో మనిషిగా వరుసలో నిలబడాలి. ట్యాంకులో నీళ్లు అయిపోయాక డాబా మీద బకెట్లు, గిన్నెలు పరిచి వాన నీళ్లు పట్టాం. నీళ్లలో మునిగి ఉండి నీళ్ల కోసం ఆకాశం చూడటం.

పడవలూ ట్రాక్టర్లూ మెయిన్ రోడ్డు దాకా వస్తున్నాయని వినేవాళ్లం. మా సందులోకి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఆకాశంలో హెలికాప్టర్ తిరుగుతుంటే డాబాల మీద అందరం చీరలు ఊపాం. వేసిన పొట్లాల్లో కొన్ని నీళ్లలో పడి పగిలిపోయాయి. తర్వాత డ్రోన్లు వచ్చాయి. మా డాబా మీద ఒకటి పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు దింపింది. మా అబ్బాయి ఆకలి మర్చిపోయి దాన్ని వీడియో తీశాడు. మా అత్తగారైతే దానికి దండం పెట్టింది. ఆ పులిహోర ఏ ఊళ్లో, ఏ వంటశాలలో, ఎవరు తెల్లవారుజామున లేచి కలిపారో తెలియదు. ఉప్పు తక్కువైందని పిన్నిగారు అంది.

మా సందుకి అసలు దిక్కు పక్క సందు కుర్రాళ్లు. అందులో ఒకడుండేవాడు, బైకు సైలెన్సర్ తీయించి అర్ధరాత్రి దడదడలాడిస్తూ తిరిగేవాడు. వీధిలో వాడిని తిట్టని మనిషి లేడు. వాళ్లు ప్లాస్టిక్ డ్రమ్ములకి తలుపు చెక్క కట్టి తెప్ప చేశారు. మా అత్తగారికి బీపీ మాత్రలు అయిపోయాయని డాబా మీదనుంచి కేకేస్తే, ఖాళీ స్ట్రిప్పు విసరమన్నాడు. దాన్ని టోపీలో పెట్టుకుని, ఛాతీ లోతు నీళ్లలో నడిచి, ఈది, ఫ్లైఓవర్ దాటి వెళ్లి, చీకటి పడే వేళకి మాత్రలు తెచ్చాడు. నెలకి సరిపడా తెచ్చాడు. డబ్బులివ్వబోతే, "తడిసిపోతాయి ఆంటీ, తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా తీసుకోలేదు. సైలెన్సర్ మాత్రం పెట్టించుకోలేదు. ఇప్పుడు అర్ధరాత్రి ఆ దడదడ వినపడితే మా అత్తగారు "పిల్లాడు ఇంటికొచ్చాడు" అని అటు తిరిగి పడుకుంటుంది. నాకు ఇంకా చిరాకే.

బ్రెడ్డు ప్యాకెట్టు చేతిలో పెట్టి ఫోటో దిగేదాకా వదలనివాళ్లూ వచ్చారు. "కొంచెం ఇటు చూడండి మేడమ్" అన్నాడొకాయన. ఆ ఫోటో ఎక్కడెక్కడ తిరిగిందో, మా ఆడపడుచు హైదరాబాద్ నుంచి చూసి ఫోన్ చేసింది. ఒళ్లు మండింది. కానీ ఆ బ్రెడ్డు తిన్నాం, అది నిజం. ఫోటో కోసమైనా, నడుము లోతు మురుగులో మా సందు దాకా వచ్చినవాడు వాడే. వాడికీ నేను రుణపడే ఉన్నాను. ఇష్టంగా కాదు.

నీళ్లు తీశాక ఇంట్లో అడుగు మందాన బురద, దాని వాసన. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక గుమ్మంలో కూర్చున్నాను. వేరే ఊళ్ల మున్సిపాలిటీల నుంచి పారిశుధ్య కార్మికుల్ని తెచ్చారు. మా సందుకి వచ్చినవాళ్లలో ఒకామె కడప వైపు నుంచి వచ్చిందట. రాత్రిళ్లు ఏదో స్కూల్లో పడుకుంటున్నామని చెప్పింది. పార తీసుకుని, "నువ్వు లెయ్ అక్కా, ఆ మూలనుంచి వద్దాం" అని నా చెయ్యి పట్టి లేపింది. చచ్చిన ఎలుకలు, ఉబ్బిన బియ్యం, నానిపోయిన పరుపులు, అన్నీ మోసింది. ముక్కు మూసుకోలేదు. వాళ్ల ఇంట్లో చంటి మనవడున్నాడట, పనిలోనే వాడి కబుర్లు చెప్పింది. వంగి లేచేటప్పుడు ఆమె జాకెట్టు భుజం దగ్గర కుట్టు విడిపోయి జారుతుంటే, పైకెళ్లి పిన్నిగారి సూది, దారం తెచ్చి ఆమె ఒంటి మీదే కుట్టాను. మిషన్ బురదలో ఉంది కదా. "అంత సన్నగా కుట్టద్దక్కా, నిలబడితే చాలు" అంది. నా చేతికి సన్నగానే వస్తుంది, ఏం చెయ్యను. ఫైరింజన్ వచ్చి నీళ్లు కొట్టే వేళకి ఆమె వేరే సందుకి వెళ్లిపోయింది. పేరు అడిగాను, ఫోన్ నంబరు అడగాలని తోచలేదు. అప్పుడు నా ఫోనూ పని చెయ్యట్లేదు.

ప్రభుత్వం మునిగిన కింద వాటాలకి 25,000, పై వాటాలకి 10,000 రూపాయలు వేసింది. పిన్నిగారు పాస్‌బుక్ చూసుకుని, "మీరు తిన్న బియ్యానికి సరిపోయిందిలే" అంది. నవ్వుతూ అందో మామూలుగా అందో నాకు ఇప్పటికీ తెలియదు.

నెల తిరిగేసరికి దసరా. కుట్టేవాళ్లకి అది కుట్టుకోవాల్సిన కాలం, నా దగ్గరేమో మిషన్ లేదు. రిపేరు చేసే అతను మునిగిన మిషన్ తల విప్పి చూసి, లోపలంతా బురద, తుప్పు, కడిగి ఆయిల్ పెడతాను గానీ మాట ఇవ్వలేనన్నాడు. నేను ముందుగా చేసిన పని ఆది జాకెట్లు ఎవరివి వాళ్లకి ఇచ్చిరావడం. ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి తీసుకెళ్లాను. సత్యనారాయణపురంలో ఒక టీచరమ్మగారు ఉన్నారు. ఆవిడవి నాలుగు కాటన్ జాకెట్టు ముక్కలు నా దగ్గర నీళ్లపాలయ్యాయి. ఎంతవుతుందో చెప్పండి, ఇస్తాను అన్నాను. ఆవిడ ఆది జాకెట్టు విప్పి చూసుకుని, "ఇది దక్కించావు, అవెంతలే" అని లోపలికి పిలిచింది. వెనక గదిలో దుప్పటి కప్పి ఒక పాత కాలు మిషన్. వాళ్ల అత్తగారిదట. "ఊరికే మూల పడుంది, నీకు పనికొస్తుందేమో చూడు." పనికిరావడం ఏమిటి! బెల్టు మార్చి ఆయిల్ వేస్తే ఆ మిషన్ కుట్టే కుట్టు ఇప్పటి మిషన్లకి రాదు. ఆటోలో ఎక్కించుకుని వచ్చేటప్పుడు దాని చక్రం మీద చెయ్యి తీయలేదు నేను.

అద్దె ఎంత ఇవ్వమంటారని అడిగితే కోప్పడింది. ఆవిడ జాకెట్లు కూలి తీసుకోకుండా కుడదామనుకున్నాను. ఆవిడ డబ్బులు ఆది జాకెట్టు మడతలో పెట్టి పంపిస్తుంది. తిరిగి పంపితే ఈసారి కాగితంలో చుట్టి, పిన్నీసు పెట్టి పంపిస్తుంది. ఇంకో ఇద్దరు ముగ్గురు దసరా బ్లౌజులకి ముందే మొత్తం కూలి ఇచ్చేశారు, గుడ్డ కూడా ఇవ్వకుండా. ఆ డబ్బుతోనే ఓవర్‌లాక్‌కి మోటారు కొన్నాను. బాకీలంటే పడని మనిషిని, ఆ దసరాకి ఊరందరికీ బాకీ పడ్డాను. ఆ బ్లౌజులు కుట్టి ఇచ్చేశాను, నిజమే. కానీ ముందు నమ్మి ఇచ్చిన దానికి ఎన్ని కాజాలు కుడితే చెల్లు?

ఆ వరద నాకు అంటించిన అలవాట్లు కొన్ని పోవట్లేదు. రాత్రి మెలకువొస్తే మంచం మీదనుంచి చెయ్యి కిందికి జార్చి నేల తడుముతాను. పొడిగా తగిలితే మళ్లీ నిద్ర పడుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఫ్యాను తిరగడం మొదలెడితే ఒక్క క్షణం దాన్నే చూస్తాను. కుళాయి కట్టేయకుండా మాట్లాడేవాళ్లని చూస్తే నోరు ఊరుకోదు, మా ఆడపడుచు దాని మీద అలిగింది కూడా. తెల్లవారి పాలు పోసే అతను గేటు చప్పుడు చేస్తే, రోడ్డు తెరిచే ఉంది అని మనసులో అనుకుంటాను. ఇందులో భక్తి ఏమీ లేదు. భయంలోంచే వచ్చింది. అయినా మంచిదే.

మా అక్క ఇప్పుడు వాన పడితే కృష్ణలంక నుంచి ఫోన్ చేస్తుంది, "బుడమేరు ఎలా ఉంది? రమ్మంటే వచ్చేయండి, మాకు గోడుంది" అని. వాళ్ల గోడ గురించి అంత ధీమాగా మాట్లాడితే కొంచెం ఉడుకుమోత్తనం వస్తుంది గానీ, ఆ గోడ లేకపోతే ఆ రోజు ఇద్దరం రెండు వైపులా మునిగి ఉండేవాళ్లం.

పిన్నిగారి లెక్క తేల్చాలని గట్టిగానే ప్రయత్నించాను. బియ్యం బస్తా తెస్తే, మీ బియ్యం మాకు పడవు, మావి సన్నాలు అంది. డబ్బు ఇస్తే కవరు మా అత్తగారి దిండు కింద పెట్టి పోయింది. సరే, జాకెట్లు కుట్టి ఇద్దామనుకుంటే, మెడ కిందికి దిగిందని ఒకటి, చేతులు బిగుతని ఒకటి తిప్పి పంపింది. ఆవిడ ఆది జాకెట్టుకి అంగుళం తేడా రాలేదని బల్ల మీద పరిచి చూపించాను. "ఆదే బాలేదు" అంది. మళ్లీ విప్పాను. కుట్లు విప్పుతూ తిట్టుకున్నాను కూడా. రాత్రి తొమ్మిదిన్నర దాటితే మళ్లీ కర్ర చప్పుడు మొదలైంది. ఇప్పుడు నేను వినగానే ఆపేస్తున్నాను, సీజన్‌లో తప్ప.

పోయిన వారం ఆవిడ మనవరాలికి ఓణీల ఫంక్షన్ అని పట్టు లంగా గుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టింది. బెంజ్ సర్కిల్ వైపు పెద్ద బొటిక్‌లో అడిగిందట, వాళ్లు చెప్పిన రేటుకి కళ్లు తిరిగాయట. "నువ్వెంత తీసుకుంటావ్?" అంది. ఊరికే కుట్టి ఇస్తానండీ అన్నాను. గుడ్డ చుట్టి చంకలో పెట్టుకుని లేచింది. సరే కూర్చోండి అని, అందరికీ చెప్పే రేటే చెప్పాను. ఆవిడ బేరమాడి నూట యాభై తగ్గించింది, యాభై అడ్వాన్సు ఇచ్చింది, రసీదు రాయమంది.